బాయిలర్ మాటిమాటికీ ఆగిపోతోందా? యూకే ఇళ్లలో ఉంటున్నవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో యూకే వచ్చి అద్దె ఇంట్లో దిగినవాళ్లు, వంటింటి గోడకు బిగించిన ఆ తెల్ల పెట్టె వంక మొదట్లో పెద్దగా చూడరు. జనవరి రాత్రి అది ఆగిపోయిందంటే మాత్రం ఇంటిల్లిపాదికీ టెన్షన్. ఇక్కడ చెప్పేదంతా గ్యాస్ కాంబి బాయిలర్ గురించి. అంటే వేరే ట్యాంకు లేకుండా, ట్యాపు తిప్పగానే అప్పటికప్పుడు నీళ్లు కాచి ఇచ్చే రకం. రేడియేటర్లను వేడి చేసేదీ అదే. బాయిలర్ కవరు విప్పాల్సిన పని ఏదీ ఇందులో చెప్పలేదు. ఆ పని గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో, అంటే గ్యాస్ పని చేసేవాళ్ల అధికారిక జాబితాలో, పేరున్న ఇంజనీరుది.

బాయిలర్ ఆగిందంటే చెడిపోయినట్టేనా?

కాదు. బాయిలర్ రెండు రకాలుగా ఆగుతుంది. ఈ రెండింటినీ కలిపేసుకోవడం వల్లే సగం ఫోన్ కాల్స్ వృథా అవుతాయి.

మొదటిది మామూలు ఆగడం. గది మీరు పెట్టిన వేడికి చేరింది, లేదా రేడియేటర్లకు వెళ్లే నీళ్లు కావలసినంత కాగాయి. మంట ఆరుతుంది, కాసేపటికి దానంతట అదే మళ్లీ వెలుగుతుంది. డిస్‌ప్లే మీద ఏ ఎర్రర్ కోడూ ఉండదు, మీరు ఏ బటనూ నొక్కక్కర్లేదు.

రెండోది లాకౌట్. ఏదో తేడా కనిపెట్టి బాయిలర్ తనను తాను కట్టేసుకుంటుంది. కోడ్ మెరుస్తుంది, లేదా ఎర్ర లైటు వెలుగుతుంది. మీరు రీసెట్ నొక్కేదాకా కదలదు.

మీది ఏ రకమో ముందు తేల్చుకోండి. తర్వాత ఎప్పుడు ఆగుతోందో గమనించండి. స్నానం మధ్యలోనా, తెల్లవారుజామునా, గాలి గట్టిగా వీచినప్పుడా, హీటింగ్ వేసిన పది నిమిషాలకా? ఇంజనీరు వచ్చాక అడిగే మొదటి ప్రశ్న అదే. దానికి జవాబు లేకపోతే ఆయన కూడా ఊహ మీదే పని మొదలుపెట్టాలి.

గ్యాస్ వాసన వస్తోంది. లేదా కార్బన్ మోనాక్సైడ్ అలారం మోగింది. ఏం చేయాలి?

ఈ పేజీ చదవడం ఆపేయండి. లైటు స్విచ్ వేయొద్దు, తీయొద్దు. కిటికీలు, తలుపులు తెరవండి. మీటరు దగ్గర గ్యాస్ కట్టేసే లివర్ చేతికి అందితే అడ్డంగా తిప్పేయండి. అందరూ బయటికి వచ్చి 0800 111 999కి ఫోన్ చేయండి. అది ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్‌లకు 24 గంటలూ పనిచేసే గ్యాస్ ఎమర్జెన్సీ నంబరు.

కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. తలనొప్పి, తల తిరగడం, వికారం ఇంట్లో అందరికీ ఒకేసారి వచ్చి, బయటికి వెళ్తే తగ్గుతున్నాయంటే అది జలుబో, నీరసమో అనుకోవద్దు. బయటికి వచ్చేసి అదే నంబరుకు ఫోన్ చేయండి. ఒంట్లో బాగా లేకపోతే డాక్టరు దగ్గరికి వెళ్లి సంగతి చెప్పండి. ఇంగ్లండ్‌లో 2022 అక్టోబర్ 1 నుంచి, గ్యాస్ బాయిలర్ ఉన్న నివాస గదిలో ఈ అలారం పెట్టించడం ఇంటి యజమాని బాధ్యత. మీ ఇంట్లో లేకపోతే ఈరోజే అడగండి.

రీసెట్ నొక్కితే నడుస్తోంది, గంటకు మళ్లీ ఆగుతోంది. ఇలాగే నొక్కుతూ ఉండొచ్చా?

ఒకసారి నొక్కండి, మహా అయితే రెండుసార్లు. అంతకు మించి వద్దు.

కారణం ఇది. గ్యాస్ వదిలి, నిప్పురవ్వ కొట్టి, మంట వచ్చిందో లేదో బాయిలర్ ఒక ఎలక్ట్రోడ్ ద్వారా చూస్తుంది. మంట గుండా అతి చిన్న కరెంటు ప్రవహిస్తుంది, మైక్రో ఆంపియర్లలో. ఆ కరెంటు కనిపిస్తేనే మంట ఉన్నట్టు లెక్క. కనిపించకపోతే వెంటనే గ్యాస్ ఆపేసి, మళ్లీ కొన్నిసార్లు ప్రయత్నించి, చివరికి లాకౌట్‌లోకి వెళ్తుంది. అంటే మీరు నొక్కే రీసెట్ ఏ లోపాన్నీ బాగు చేయదు, ఇంకోసారి ప్రయత్నించమని చెబుతుందంతే. రాత్రంతా పదిహేనుసార్లు నొక్కి "ఎలాగోలా నడిపించాం" అనుకునేవాళ్లున్నారు. లోపల నిజంగా మంట సరిగా నిలవడం లేదంటే, రక్షణ కోసం పెట్టిన తాళాన్ని పదిహేనుసార్లు తీసినట్టే.

డిస్‌ప్లే మీద కోడ్ వస్తోంది. దాని అర్థం ఏమిటి?

కంపెనీకో భాష. ఎక్కువగా కనిపించేవి కొన్ని: వేలంట్‌లో ఎఫ్ 22 అంటే నీటి ప్రెషర్ తక్కువ, ఎఫ్ 28 అంటే మంట అంటుకోలేదు, ఎఫ్ 29 అంటే అంటుకున్న మంట ఆరిపోయింది. వూస్టర్ బాష్‌లో ఈఏ అంటే మంట కనిపించలేదు. ఐడియల్ లాజిక్‌లో ఎఫ్1 అంటే ప్రెషర్ తక్కువ, ఎల్2 అంటే మంట రాలేదు. మీ మోడల్ పేరు సాధారణంగా ముందు వైపు గానీ, కిందికి తెరుచుకునే చిన్న తలుపు లోపల గానీ ఉంటుంది. ఆ పేరుతో కంపెనీ వెబ్‌సైట్‌లో మాన్యువల్ దొరుకుతుంది.

ఒక్క మాట. కోడ్ చెప్పేది బాయిలర్‌కు కనిపించిన లక్షణం మాత్రమే. "మంట రాలేదు" అన్నదానికి మీటర్లో డబ్బులు అయిపోవడం నుంచి బయట పైపు గడ్డకట్టడం దాకా ఏదైనా కారణం కావచ్చు. అందుకే కోడ్‌తో పాటు తేదీ, టైము కూడా ఫోటోలో పడేలా తీసి పెట్టుకోండి.

ఇంజనీర్ని పిలిచే ముందు నేను చూసుకోగలిగినవి ఏమిటి?

నాలుగు నిమిషాల పని. అద్దె ఇళ్లలో చాలాసార్లు సమస్య ఇక్కడే తేలిపోతుంది.

గ్యాస్ ఉందా? గ్యాస్ పొయ్యి ఉంటే వెలిగించి చూడండి. ప్రీపేమెంట్ మీటరైతే, అంటే ముందే డబ్బు వేసుకుని వాడుకునే రకమైతే, బ్యాలెన్స్ చూడండి. కొత్తగా దిగిన స్టూడెంట్ ఇళ్లలో ఇది మామూలే. పాతవాళ్లు వదిలిన ఎమర్జెన్సీ క్రెడిట్ అప్పుతో పాటు, గ్యాస్ వాడకపోయినా రోజూ పడే స్టాండింగ్ ఛార్జీ కూడా పేరుకుంటుంది. 10 పౌండ్లు వేస్తే అందులో కొంత పాత బాకీకే పోతుంది. టాపప్ చేశాక కూడా బాయిలర్ లాకౌట్‌లోనే ఉంటుంది కాబట్టి ఒకసారి రీసెట్ నొక్కాలి.

కరెంటు ఉందా? బాయిలర్ పక్కన గోడ మీద చిన్న ఫ్యూజు ఉన్న స్విచ్ ఉంటుంది. వంటింట్లో తుడుస్తూ తుడుస్తూ దాన్ని ఆపేసిన ఇళ్లు బోలెడు. ఇంటి కరెంటు మెయిన్ బోర్డులో స్విచ్ పడిపోయి, పైకి లేపితే మళ్లీ పడిపోతోందంటే ఇక లేపొద్దు. బాయిలర్ లోపల నీళ్లు కారి వైర్ల మీద పడుతూ ఉండొచ్చు.

థర్మోస్టాట్‌లో బ్యాటరీలు ఉన్నాయా? వేడినీళ్లు బాగానే వస్తూ హీటింగ్ మాత్రం రాకపోతే నేనైతే ముందు చూసేది ఇదే. వైర్‌లెస్ థర్మోస్టాట్ బ్యాటరీ అయిపోతే బాయిలర్‌కు "వెలుగు" అని చెప్పేవాళ్లే ఉండరు.

టైమర్ సరిగ్గా ఉందా? కరెంటు పోయి వచ్చాక, లేదా అక్టోబర్ చివరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి జరిగాక, పాత రకం టైమర్లు తప్పు టైము చూపిస్తాయి. మీరు చలికి వణికే టైముకు బాయిలర్ నిద్రపోతుంది.

ఈ నాలుగూ బాగుంటే ప్రెషర్ ముల్లు చూడండి.

ప్రెషర్ ఎంత ఉండాలి? మాది 0.4 చూపిస్తోంది.

చల్లగా ఉన్నప్పుడు 1 నుంచి 1.5 బార్. హీటింగ్ నడిచేటప్పుడు కొంచెం పెరిగి 2 దగ్గరికి వచ్చినా పరవాలేదు. 0.5కి అటూ ఇటూ పడిపోతే చాలా బాయిలర్లు ఆగిపోతాయి. నీళ్లు చాలకుండా మంట పెడితే, మంట వేడిని నీళ్లకు అందించే లోపలి హీట్ ఎక్స్‌ఛేంజర్ మాడిపోతుంది కాబట్టి అలా ఆగడమే మంచిది.

నింపడం కష్టం కాదు. బాయిలర్ ఆపి, చల్లారనివ్వండి. కింద రెండు పైపులను కలుపుతూ వెండి రంగు అల్లిక ఉన్న చిన్న గొట్టం, దానికి రెండు వైపులా చిన్న వాల్వులు ఉంటాయి. దాన్నే ఫిల్లింగ్ లూప్ అంటారు. కొన్ని మోడళ్లలో గొట్టం బదులు ఒక లివర్ గానీ ప్లాస్టిక్ తాళంచెవి గానీ ఉంటుంది. రెండు వాల్వులూ నెమ్మదిగా తెరిస్తే నీళ్లు లోపలికి వెళ్లే శబ్దం వినిపిస్తుంది. ముల్లు మీద కన్నేసి ఉంచండి. 1.2, 1.3 దగ్గరికి రాగానే రెండూ గట్టిగా మూసేయండి. మూశాక ఇంకో నిమిషం ముల్లు వంక చూడండి, అది ఇంకా పెరుగుతూ ఉంటే వాల్వు సరిగ్గా మూసుకోలేదన్నమాట. తర్వాత బాయిలర్ వేసి రీసెట్ నొక్కండి.

ఎక్కువ నింపేశారా? కంగారు పడక్కర్లేదు. ఒక రేడియేటర్ పక్కన ఉండే చిన్న స్క్రూను దాని తాళంచెవితో కొద్దిగా తిప్పి, గుడ్డ పట్టి కొన్ని నీళ్లు వదిలితే దిగుతుంది. ఇదీ హీటింగ్ ఆపి, చల్లారాకే చేయండి.

నింపిన వారానికే మళ్లీ పడిపోతోంది. నీళ్లు ఎక్కడికి పోతున్నాయి?

రేడియేటర్ల నీళ్లు మూసి ఉన్న పైపుల్లో అవే తిరుగుతూ ఉంటాయి. మామూలుగా తగ్గకూడదు. ఏడాదికి ఒకటి రెండుసార్లు నింపితే సరే, వారం వారం నింపుతున్నామంటే నీళ్లు ఎక్కడో పోతున్నాయి. మూడు చోట్ల వెతకాలి.

మొదట రేడియేటర్ వాల్వుల దగ్గర. తడి కనిపించకపోయినా పచ్చటి, తెల్లటి పొడి మరక ఉంటే అక్కడ నెమ్మదిగా కారుతోంది. కార్పెట్ తాకి చూడండి.

తర్వాత ఇంటి బయట. బాయిలర్ వెనక గోడలోంచి రెండు పైపులు బయటికి వచ్చి ఉండొచ్చు. తెల్ల ప్లాస్టిక్ పైపులోంచి నీళ్లు రావడం మామూలే. అది పొగలోని ఆవిరి చల్లారి నీరుగా మారి పోయే దారి. రాగి పైపు కొస గోడ వైపు వంచి ఉంటుంది. అది మాత్రం ఎప్పుడూ పొడిగానే ఉండాలి. దాని కింద గోడ తడిగా ఉంటే లోపలి సేఫ్టీ వాల్వు నీళ్లు వదిలేస్తోందని అర్థం. ప్రెషర్ 3 బార్ దాటితే తెరుచుకునే వాల్వు అది. ఒకసారి తెరుచుకున్నాక చెత్త ఇరుక్కుని పూర్తిగా మూసుకోకుండా కారుతూనే ఉండొచ్చు.

మూడోది ఎక్స్‌పాన్షన్ వెసెల్. నీళ్లు కాగితే వ్యాకోచిస్తాయి. ఆ పెరిగిన పరిమాణానికి చోటు ఇవ్వడానికి బాయిలర్ లోపల ఒక డబ్బా, అందులో రబ్బరు పొర, పొరకు అవతల గాలి ఉంటాయి. ఏళ్లు గడిచేసరికి ఆ గాలి తగ్గిపోతుంది, లేదా పొర చిరుగుతుంది. అప్పుడు కాగిన నీళ్లకు వెళ్లే చోటు ఉండదు. దీన్ని పట్టుకోవడం తేలిక: హీటింగ్ వేసిన కాసేపటికి ముల్లు 2.5, 3 దాకా ఎగబాకుతుంది, సేఫ్టీ వాల్వు నీళ్లు వదిలేస్తుంది, చల్లారాక ముల్లు సున్నాకి పడిపోతుంది. మీరు మళ్లీ నింపుతారు, అది మళ్లీ వదిలేస్తుంది. ఇంజనీరుకి "ప్రెషర్ పడిపోతోంది" అని కాకుండా "వేడిలో మూడుకి వెళ్తోంది, చల్లారితే సున్నా" అని చెప్పండి. రావడానికి ముందే ఆయనకు ఏం తెచ్చుకోవాలో తెలుస్తుంది.

ఇంకో సంగతి. మాటిమాటికీ కొత్త నీళ్లు నింపితే వాటితో పాటు ఆక్సిజన్ లోపలికి పోయి రేడియేటర్లు లోపల తుప్పు పడతాయి. కాబట్టి నింపుకుంటూ రోజులు నెట్టడం చౌక బేరమేమీ కాదు.

బయట మంచు గడ్డకట్టిన రోజునే ఆగిపోయింది. లోపల గుడగుడమని శబ్దం వచ్చింది.

నూటికి తొంభై పాళ్లు ఆ తెల్ల ప్లాస్టిక్ పైపే. దాన్ని కండెన్సేట్ పైపు అంటారు. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2005 నుంచి కొత్తగా పెట్టే గ్యాస్ బాయిలర్లు దాదాపు అన్నీ కండెన్సింగ్ రకమే కావాలి. పొగలోని వేడిని కూడా పిండుకునే క్రమంలో ఇవి నీటిని తయారు చేస్తాయి. ఆ నీరు సన్నటి పైపులో బొట్టుబొట్టుగా పోతుంది. ఉష్ణోగ్రత సున్నాకి దిగి గంటల తరబడి అక్కడే ఉంటే, బొట్లు పైపులోనే గడ్డకట్టి దారి మూసుకుపోతుంది. నీరు వెనక్కి బాయిలర్‌లోకి ఎక్కుతుంది, గుడగుడలాడుతుంది, లాకౌట్ పడుతుంది. 2010 డిసెంబర్‌లో దేశమంతా గడ్డకట్టినప్పుడు లెక్కలేనన్ని ఇళ్లలో ఒక్కసారిగా ఇదే జరిగింది. బాయిలర్లలో లోపమేమీ లేదు, పైపులు సన్నగా, పొడుగ్గా, ఏ కప్పూ లేకుండా బయట వేలాడుతూ ఉండటమే కారణం.

కరిగించడం మీ చేతిలో పనే, పైపు నేల మీద నిలబడితే అందేటట్టు ఉంటే. గోరువెచ్చటి నీళ్లు ఒక జగ్గులో తీసుకుని పైపు పొడవునా పోయండి. మరిగే నీళ్లు వద్దు, ప్లాస్టిక్ పగులుతుంది. పైపు వంపు తిరిగే చోట, డ్రైన్‌లో దిగే కొస దగ్గర ఎక్కువగా గడ్డకడుతుంది కాబట్టి అక్కడ ఎక్కువ పోయండి. వేడినీళ్ల రబ్బరు సంచీ కట్టినా పనిచేస్తుంది. కరిగాక రీసెట్. పైపు మొదటి అంతస్తు ఎత్తులో ఉంటే నిచ్చెన ఎక్కొద్దు, మంచు మీద నిచ్చెన నిలవదు. పోసిన నీళ్లు కింద మళ్లీ గడ్డకట్టి జారుడుబల్ల అవుతుంది, అక్కడ కాస్త ఉప్పు చల్లండి.

మళ్లీ రాకుండా ఉండాలంటే పైపుకి బయటి వాతావరణాన్ని తట్టుకునే మందపాటి నురుగు తొడుగు వేయించాలి. బయట సాగే భాగం కనీసం 32 మిల్లీమీటర్ల పైపు అయి ఉండాలి, ఎంత పొట్టిగా ఉంటే అంత మేలు. ఇది ఇంటి యజమాని చేయించాల్సిన పని. ఆ రెండు మూడు గడ్డు రాత్రులు హీటింగ్ పూర్తిగా ఆపకుండా తక్కువలో నడిపితే గడ్డకట్టే అవకాశం తగ్గుతుంది.

కోడ్ ఏమీ లేదు, కానీ రెండు మూడు నిమిషాలకోసారి వెలుగుతూ ఆరుతూ ఉంది.

దీన్ని షార్ట్ సైక్లింగ్ అంటారు. దీనికి కారణం చాలాసార్లు బాయిలర్ సైజు.

కాంబి బాయిలర్‌ను స్నానం నీళ్ల కోసం కొలిచి పెడతారు. ప్రవహించే నీటిని అప్పటికప్పుడు కాచాలంటే 24 నుంచి 30 కిలోవాట్ల దాకా శక్తి కావాలి. కానీ చిన్న ఫ్లాట్‌ను వెచ్చగా ఉంచడానికి, మరీ చలి లేని రోజున, రెండు మూడు కిలోవాట్లు చాలు. బాయిలర్ ఎంత తగ్గించుకున్నా ఒక స్థాయి కంటే కిందికి దిగలేదు. ఫలితంగా పైపుల్లో నీళ్లు గబగబా కాగిపోతాయి, బాయిలర్ ఆగుతుంది, కొన్ని నిమిషాలు విరామం తీసుకుని మళ్లీ మొదలవుతుంది. అక్టోబర్‌లో, ఏప్రిల్‌లో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. అంతలో ఏమీ మునిగిపోదు గానీ గ్యాస్ వృథా, పార్టులు త్వరగా అరుగుతాయి.

మీరు చేయగలిగింది ఉంది. రేడియేటర్ బొమ్మ ఉన్న నాబ్‌తో రేడియేటర్లకు వెళ్లే నీటి వేడిని 55, 60 డిగ్రీలకు తగ్గించండి. చాలా ఇళ్లలో అది 75, 80 దగ్గర పెట్టి ఉంటుంది. వేడి తగ్గిస్తే తిరిగివచ్చే నీరు చల్లగా ఉండి పొగలోని ఆవిరి బాగా నీరవుతుంది, గ్యాస్ ఖర్చూ తగ్గుతుంది. గదులు వెచ్చబడటానికి కాస్త ఎక్కువసేపు పడుతుంది, అంతే. వేడినీళ్ల కోసం విడిగా సిలిండర్ ట్యాంకు ఉన్న ఇళ్లలో ఈ సలహా అలాగే పాటించొద్దు. ట్యాంకులో నీళ్లు 60 డిగ్రీలకు చేరకపోతే లీజియోనెల్లా బ్యాక్టీరియా పెరిగే ప్రమాదం ఉంది.

రేడియేటర్లన్నిటి వాల్వులూ మూసేసి ఒక్కటే తెరిచి ఉంచినా ఇదే జరుగుతుంది. స్టూడెంట్ ఇళ్లలో ఎవరి గది వాల్వు వాళ్లు మూసుకుని పోతారు, వేడి వెళ్లే చోటు లేక బాయిలర్ కొట్టుకుంటుంది.

థర్మోస్టాట్ 28కి పెడితే గది త్వరగా వేడెక్కుతుందా?

ఎక్కదు. 20కి పెట్టినా 28కి పెట్టినా బాయిలర్ దాదాపు ఒకే వేగంతో కాస్తుంది, ఎప్పుడు ఆపాలన్నదే తేడా.

స్నానం మధ్యలో నీళ్లు చల్లబడి, మళ్లీ వేడెక్కి, మళ్లీ చల్లబడుతున్నాయి.

దీనికి కారణాలు రెండు మూడున్నాయి. మొదటిది మన అలవాటుకు సంబంధించింది. కాంబి బాయిలర్ వెలగాలంటే నిమిషానికి సుమారు రెండు, రెండున్నర లీటర్ల నీళ్లైనా దాని గుండా పారాలి. మనం నీళ్లు పొదుపు చేద్దామని ట్యాపు సన్నటి ధారగా తిప్పి గిన్నెలు కడుగుతాం. ఆ ధారకు బాయిలర్ వెలగదు, లేదా వెలిగి ఆరిపోతుంది. ధార కొంచెం పెంచండి. షవర్‌లో అయితే నీళ్లు మరీ వేడిగా పెట్టి, దాన్ని చల్లార్చడానికి చల్లనీళ్లు ఎక్కువ కలిపితే, బాయిలర్ గుండా పారే వేడినీళ్ల వాటా తగ్గిపోతుంది. అది వేడెక్కిపోయి ఆగుతుంది. ట్యాపు బొమ్మ ఉన్న నాబ్‌ను 48, 50 డిగ్రీలకు తగ్గించి, చల్లనీళ్లు తక్కువ కలుపుకోండి. ఎండాకాలంలో ఈ గొడవ ఎక్కువ, లోపలికి వచ్చే నీళ్లే వెచ్చగా ఉంటాయి గనుక.

అలవాటు మార్చినా తగ్గకపోతే, ట్యాపు నీళ్లను కాచే ప్లేట్ హీట్ ఎక్స్‌ఛేంజర్ సున్నం పట్టి ఉండొచ్చు. లండన్, రెడింగ్, స్లౌ వైపు నీళ్లు బాగా కఠినం, కెటిల్ అడుగున తెల్లటి పెచ్చు చూస్తే తెలుస్తుంది. అదే పెచ్చు బాయిలర్ సన్నటి దారుల్లోనూ కడుతుంది. గ్లాస్గో, మాంచెస్టర్‌లలో ఉండేవాళ్లకు ఈ బాధ తక్కువ. ఇక ట్యాపు తిప్పినప్పుడు రేడియేటర్లు వేడెక్కుతుంటే, లేదా హీటింగ్ వేసినప్పుడే వేడినీళ్లు వస్తుంటే, నీళ్లను ఇటో అటో మళ్లించే డైవర్టర్ వాల్వు ఇరుక్కుంది. రెండూ ఇంజనీరు పనులే.

రేడియేటర్ పైభాగం చల్లగా, కింద వేడిగా ఉంది. దానికీ బాయిలర్ ఆగడానికీ సంబంధం ఉందా?

పైన చల్లగా ఉంటే గాలి చేరింది. హీటింగ్ ఆపి, చల్లారాక స్క్రూ కొద్దిగా తిప్పి గాలి వదిలేయండి, నీళ్లు రాగానే మూసేయండి. తర్వాత ప్రెషర్ తగ్గుతుంది, చూసుకుని నింపండి. కింద చల్లగా, పైన వేడిగా ఉంటే అది బురద. రేడియేటర్ల లోపలి ఇనుము తుప్పు పట్టి నల్లటి ముద్దలా అడుగున పేరుకుంటుంది. పంపు ఆ నీళ్లను తిప్పలేక బాయిలర్ దగ్గర నీళ్లు నిలిచి మరిగిపోతాయి, కెటిల్ మరిగినట్టు శబ్దం వస్తుంది, ఓవర్‌హీట్ అని లాకౌట్ అవుతుంది. పైపులన్నీ కడిగించి, అయస్కాంతం ఫిల్టర్ పెట్టించి, తుప్పు పట్టకుండా మందు కలిపించాలి. పాత బురద వదిలేసి కొత్త బాయిలర్ పెట్టించినవాళ్లకు కొత్తదీ త్వరలోనే అదే పాటలు వినిపిస్తుంది.

గాలి గట్టిగా వీచినప్పుడే ఆగిపోతోంది.

పొగగొట్టం సంగతి. బయట దాని నోటి దగ్గర తీగలు పెరిగాయా, ప్లాస్టిక్ కవరు చిక్కుకుందా అని కింద నుంచే చూడండి. చలిరోజుల్లో తెల్లటి ఆవిరి రావడం మామూలే. ఆ నోటికి గుడ్డలు, అట్టలు అడ్డం పెట్టొద్దు. గొట్టం ఊడినట్టో, వంగినట్టో కనిపిస్తే బాయిలర్ ఆపేసి ఇంజనీర్ని పిలవండి.

వచ్చినవాడు అసలైన ఇంజనీరో కాదో ఎలా తెలుస్తుంది? బాయిలర్ లోపలి ఎలక్ట్రానిక్ బోర్డు మార్చాలంటున్నాడు.

గ్యాస్ సేఫ్ కార్డు అడగండి. 2009 నుంచి బ్రిటన్‌లో గ్యాస్ పని చేసేవాళ్ల అధికారిక జాబితా ఇదే. కార్డు ముందు ఫోటో, నంబరు, గడువు తేదీ ఉంటాయి. చాలామంది చూడనిది వెనక వైపు: ఏ పనులకు అర్హత ఉందో అక్కడ రాసి ఉంటుంది. పొయ్యికి అర్హత ఉన్నవాళ్లందరికీ బాయిలర్‌కు ఉండాలని లేదు. నంబరును రిజిస్టర్ వెబ్‌సైట్‌లో సరిచూసుకోవచ్చు. "మనవాడే, తక్కువకి చేస్తాడు" అని వాట్సాప్ గ్రూపులో వచ్చే నంబర్లకూ ఇదే పరీక్ష పెట్టండి. మొహమాటం అక్కర్లేదు.

బోర్డు ఖరీదైన పార్టు. కారణం దొరకనప్పుడు దాని మీదికి నెట్టడం తేలిక. గ్యాస్ ప్రెషర్ కొలిచారా, ఎలక్ట్రోడ్, దాని వైరు, ఫ్యాను, గ్యాస్ వాల్వు చూశారా అని మర్యాదగా అడగండి. చూసినవాళ్లు రీడింగులతో సహా చెబుతారు. చూడనివాళ్లు నీళ్లు నములుతారు.

మేం అద్దెకుంటున్నాం. ఖర్చు ఎవరిది? ఏజెంటు పట్టించుకోవడం లేదు.

ఇంగ్లండ్‌లో 1985 నాటి ల్యాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ చట్టం 11వ సెక్షన్ ప్రకారం హీటింగ్, వేడినీళ్ల ఏర్పాట్లను బాగు చేయించే బాధ్యత యజమానిదే, మీ చేతివల్ల పాడైతే తప్ప. గ్యాస్ పరికరాల్ని ప్రతి 12 నెలలకూ చెక్ చేయించి, ఆ రికార్డు కాపీ 28 రోజుల్లోగా మీకివ్వాలి. కొత్తగా దిగేవాళ్లకైతే దిగేముందే ఇవ్వాలి. మీ దగ్గర ఆ కాగితం లేకపోతే అడగండి.

ఫోన్‌లో చెప్పి ఊరుకోవద్దు. ఈమెయిల్ రాయండి: ఏ తేదీ నుంచి, ఏ కోడ్, ఇంట్లో పసిపిల్లలు గానీ, పెద్దవాళ్లు గానీ ఉన్నారా, గదిలో ఎన్ని డిగ్రీలు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు ఉన్నా రాయండి. బాగు చేయడానికి చట్టంలో గంటల లెక్క లేదు, "సమంజసమైన సమయం" అంటుంది. జనవరిలో, పసిబిడ్డ ఉన్న ఇంట్లో ఆ సమయం చిన్నది. కదలిక లేకపోతే కౌన్సిల్ ఎన్విరాన్‌మెంటల్ హెల్త్ విభాగానికి ఫిర్యాదు చేయండి. వాళ్లు ఇంట్లో విపరీతమైన చలిని ప్రమాదాల కింద లెక్కగట్టి యజమానికి నోటీసు ఇవ్వగలరు. కోపంతో అద్దె ఆపేయడం మాత్రం వద్దు. బాకీ మీ మీద కేసవుతుంది, బాయిలర్ సంగతి పక్కకు పోతుంది.

సొంత ఇల్లు. పాతదానికి రిపేరు చేయించాలా, కొత్తది కొనాలా?

పది పదిహేనేళ్లు దాటి, హీట్ ఎక్స్‌ఛేంజర్ లాంటి పెద్ద పార్టు పోతే కొత్తది ఆలోచించండి. ఎలక్ట్రోడ్, సెన్సర్, వెసెల్ లాంటివాటికి బాయిలర్ మార్చక్కర్లేదు. వారంటీలో ఉన్నదైతే ఏడాది ఏడాది సర్వీసు చేయించిన కాగితాలు వెతకండి, అవి లేకుండా వారంటీ చాలా కంపెనీలు ఒప్పుకోవు. ఇంగ్లండ్, వేల్స్‌లలో హీట్ పంపుకు మారేవాళ్లకు 7,500 పౌండ్ల దాకా ప్రభుత్వ గ్రాంటు ఉంది. ఇంటి ఇన్సులేషన్ బాగుంటే అదీ లెక్క వేసుకోవచ్చు. ఏదైనా సరే, బాయిలర్ ఆగిపోయిన రోజున, వణుకుతూ నిర్ణయించుకునేది కాదు.

సంక్రాంతికి నెల రోజులు ఇండియా వెళ్తున్నాం. బాయిలర్ ఆపేసి వెళ్లొచ్చా?

సంక్రాంతి అంటే ఇక్కడ నడి చలికాలం. ఆపేసి వెళ్తే పైపులు గడ్డకట్టి పగలొచ్చు, మీరు తిరిగొచ్చేసరికి సీలింగ్ కింద పడి ఉండొచ్చు. థర్మోస్టాట్ 10, 12 డిగ్రీలకు పెట్టి, కరెంటు, గ్యాస్ అలాగే ఉంచండి. ప్రీపేమెంట్ మీటరైతే సరిపడా డబ్బు వేసి వెళ్లండి. మెయిన్ నీళ్ల వాల్వు, సాధారణంగా వంటింటి సింకు కింద ఉంటుంది, మూసేయండి. రేడియేటర్ల నీళ్లు వేరే కాబట్టి హీటింగ్‌కు ఇబ్బంది ఉండదు. ఇల్లు కొన్ని వారాలు ఖాళీగా ఉంటే ముందుగా చెప్పాలని చాలా అద్దె ఒప్పందాల్లో ఉంటుంది, ఏజెంటుకు ఒక ఈమెయిల్ పంపండి. పక్కింటి వాళ్లెవరికైనా తాళం ఇచ్చి, వారానికోసారి వచ్చి ప్రెషర్ ముల్లు ఫోటో తీసి పంపమనండి.